అందరికీ పట్టిన చెప్పు

జోళ్ళాయనకు మనుషుల మొహాలు గుర్తుండేవి కావు; పాదాలు గుర్తుండేవి. వీధిలో ఎవరైనా ఎదురుపడి "బాగున్నారా?" అంటే ముందు కిందికి చూసి, ఆ తర్వాత "బాగున్నానండీ, మీ ఎడమ మడమ నొప్పి తగ్గిందా?" అని అడిగేవాడు. పలకరించినవాడు బ్యాంకు మేనేజరో పళ్ళ డాక్టరో ఆయనకు అనవసరం. ఎనిమిది నంబరు, వెడల్పు పాదం, బొటనవేలికంటే పక్కవేలు పొడుగు. ఆ మనిషికి ఆయన దగ్గరున్న చిరునామా అది. ఒకసారి బస్సులో సొంత బావమరిది పక్కన అరగంట కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ప్రయాణం చేసి, దిగబోయే ముందు సంచీ తీసుకోవడానికి వంగినప్పుడు, "ఒరే, నువ్వట్రా" అన్నాడు. ఆ బావమరిది ఇప్పటికీ ఆయన ఇంటికొస్తే గుమ్మంలో ఆగి, ముందు కాలు చాపి చూపించి, ఆ తర్వాతే లోపలికి వస్తాడు.

బజారు వీధిలో, గడియారాలు బాగుచేసే కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉన్న చెప్పుల షాపులో ఆయన ముప్పై ఒక్కేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆయన కూర్చునేది ఒక పొట్టి స్టూలు. దానికి ముందువైపు ఏటవాలుగా ఒక చెక్క బిగించి ఉంటుంది. వచ్చినవాళ్ళు దాని మీద కాలు పెడతారు. ఆయన పాదాన్ని ఒక్కసారి ముట్టుకుని, తల పైకెత్తకుండానే "ఆరు, నలుపు, పట్టీది" అని కేకేస్తాడు. షాపు పైకప్పులో చదరంగా ఒక కంత ఉంది. ఆ కంతలోంచి అట్టపెట్టె ఒకటి జారి పడుతుంది. ఆయన కుడిచెయ్యి చాపి, చెట్టు మీంచి రాలే పండును అందుకున్నంత తేలిగ్గా దాన్ని అందుకుంటాడు. ఇన్నేళ్ళలో చేజారింది ఒకే ఒక్క పెట్టె. అదీ ఆయన తుమ్మినప్పుడు.

ఆ పెట్టెలు వదిలే ఆవిడ అటకక్క. సరుకంతా అటక మీదే ఉంటుంది కనుక ఆవిడ పొద్దున నిచ్చెన ఎక్కితే మధ్యాహ్నం భోజనానికీ మళ్ళీ సాయంత్రం ఇంటికీ తప్ప దిగేది కాదు. కొనేవాళ్ళకు కనిపించేది ఆవిడ మోచెయ్యి, వినిపించేది ఆవిడ గొంతు. ఆ గొంతు కూడా ఎప్పుడో గానీ వినిపించేది కాదు. "నలుపు లేదు తమ్ముడూ, ముదురు నీలం ఉంది, దీపం కింద నలుపే" అని ఒకసారీ, "ఆవిడకి ఆ మోడల్ నప్పదు, చెప్పు" అని ఒకసారీ. పైనుంచి ఆవిడకు ఎవరి మొహమూ కనిపించదు కదా, నప్పదని ఎలా చెబుతుందో జోళ్ళాయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. కానీ ఆవిడ నప్పదన్న జోడు మూడోరోజున ఠంచనుగా వెనక్కొచ్చేది.

ఆయన పెళ్ళి కూడా ఆ అటక పుణ్యమే. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. ఒక సాయంత్రం డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే అమ్మాయి ఒకతె వచ్చి కాలు పెట్టింది. ఎడమకాలు ముట్టుకుని "ఆరు" అన్నాడు. పెట్టె పడింది, తొడిగాడు, సరిపోయింది. కుడికాలికి తొడగబోతే వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ముట్టుకుని చూశాడు. ఏడు. మళ్ళీ ముట్టుకున్నాడు. ఏడే.

"నాకు తెలుసండీ, ఏ షాపులోనూ దొరకవు," అందా అమ్మాయి లేవబోతూ. "ఎడమది క్లచ్చి కాలు, కుడిది బ్రేకు కాలు. నేర్చుకునేవాళ్ళు చెట్టు మీదికి పోనిచ్చినప్పుడల్లా నా వైపున్న బ్రేకు తొక్కీ తొక్కీ అది పెరిగిపోయింది."

జోళ్ళాయన ఆ మాట నిజమేనేమో అనుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ అమ్మాయి నవ్వింది. అంతే, ఆయన పని అయిపోయింది. "ఏడు, అదే రంగు" అని పైకి కేకేసి, ఒక జతలోంచి ఎడమదీ ఇంకో జతలోంచి కుడిదీ తీసి, పెట్టెలో పెట్టి ఇచ్చేశాడు. మిగిలిన ఏడో నంబరు ఎడమ చెప్పూ ఆరో నంబరు కుడి చెప్పూ జంటగా అటకెక్కాయి. ఆ అమ్మాయి మూడు నెలలకోసారి వచ్చింది, ఆ తర్వాత నెలకోసారి, ఆ తర్వాత వారానికోసారి. కొత్త చెప్పులు అంత తొందరగా ఎందుకు అరుగుతున్నాయని ఈయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అటక మీద మాత్రం ఎవరికీ పనికిరాని జతలు గుట్టపడుతున్నాయి. ఒకరోజు కంతలోంచి పెట్టెకు బదులు గొంతు దిగింది.

"తమ్ముడూ, ఇంకో రెండు జతలు చెడగొట్టే బదులు ఆ పిల్లని పెళ్ళి చేసుకో."

షాపు నిండా జనం. ఆ అమ్మాయి స్టూలు ముందే కూర్చుని ఉంది. జోళ్ళాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ తలెత్తి కంతవైపు చూసి, "నాకైతే అభ్యంతరం లేదక్కా, ఆయన్నడిగి చెప్పండి" అంది. ఇద్దరూ కాపురం పెట్టి ఇరవై ఆరేళ్ళు దాటింది. ఆవిడ ఇప్పటికీ కారు నేర్పుతూనే ఉంది, చెట్ల మీదికి పోయేవాళ్ళను ఆపుతూనే ఉంది.

ఇలా సాగిపోతున్న మనిషి దగ్గరికి ఒకరోజు పొద్దున్నే సినిమా వచ్చింది.

షాపు షట్టరు సగం తెరిచాడో లేదో, జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకున్న ఒక అమ్మాయి కిందినుంచి దూరి లోపలికొచ్చింది. చేతిలో తువ్వాలుతో చుట్టిన మూట. చంటిబిడ్డను దించినట్టు దాన్ని బల్ల మీద దించింది.

"బాబాయ్ గారూ, దీనికి జ్వరమొచ్చింది. కాస్త చూడండి."

తువ్వాలు విప్పితే లోపల ఒక చెప్పు. గాజుదిలా మెరుస్తోంది కానీ పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్కు. ఆ అమ్మాయి దర్శకురాలు. ఇదే మొదటి సినిమా. అమ్మమ్మలు చెప్పే పాత కథే, వంటింట్లో మగ్గే పిల్ల, రాజుగారి విందు, పన్నెండు గంటలు కొట్టగానే పరుగు, మెట్ల మీద జారిపోయిన చెప్పు, దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగే రాకుమారుడు. దాన్నే నవ్వులాటగా, ఆటపాటలతో మళ్ళీ చెబుతున్నారట. ఊరి మధ్యలోని పాత టౌన్‌హాలును రాజుగారి కోట చేశారు. అంతా బాగానే ఉంది, లైట్లు వేసిన రెండు నిమిషాలకు చెప్పు లోపల ఆవిరి పట్టి, స్నానాలగదిలో అద్దంలా మసకబారిపోతోంది.

జోళ్ళాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు, వేలితో తట్టాడు, లోపలికి తొంగి చూశాడు.

"జ్వరం కాదమ్మా, ఉక్కపోత. గాలాడక," అన్నాడు. సన్నటి సూదిని దీపం మీద కాల్చి, అరికాలి వంపు దగ్గర, కెమెరా కంటికి ఆనని చోట ఏడు చిల్లులు పొడిచాడు. "ఇక ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఇది ఆరో నంబరు. వేసుకునే అమ్మాయిది ఆరున్నర."

"ఆ అమ్మాయిని మీరు చూడనేలేదు కదా?"

"చెప్పును చూశాను కదా. ఇదిగో, ఇక్కడ బొటనవేలు గోడకేసి తల బాదుకున్న గుర్తు."

దర్శకురాలు ఉన్నమాట ఒప్పేసుకుంది. చెప్పు తయారుచేసిన చోట కొలత తప్పిందట. మళ్ళీ చేయించడానికి వ్యవధి లేదట. హీరోయిన్ పళ్ళు బిగపట్టి మూడు రోజులుగా దాంతోనే నాట్యం చేస్తోందట. జోళ్ళాయన నాలుక చప్పరించాడు. పాదం బాధపడుతోందంటే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ అమ్మాయి మళ్ళీ ప్రత్యక్షమైంది. రాజుగారి చెప్పుల అధికారి వేషానికి పెట్టుకున్న నటుడు గొప్ప గొంతున్నవాడే గానీ, చెప్పును టెలిఫోను పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడు. పైగా ఆడవాళ్ళ కాలు ముట్టుకోవాలంటే ఆయనకు చక్కిలిగింతలు. తన పాదానికి కాదు, వాళ్ళ పాదానికి.

"ఆయన్ని మంత్రిని చేసేశాను. ఈ వేషం మీరు వెయ్యాలి బాబాయ్ గారూ. ఒక్కటే డైలాగు: 'అమ్మా, కాలు ఇలా పెట్టండి.'"

"ముప్పై ఒక్కేళ్ళుగా అదే అంటున్నాను," అన్నాడు జోళ్ళాయన, నమ్మలేనట్టు.

"అందుకే."

ఓనరు గారు మొదట ససేమిరా అన్నారు. అప్పుడు కంతలోంచి "షాపు పేరు తెర మీద పడుతుందేమో అడుగు తమ్ముడూ" అని వినబడింది. పడుతుందని దర్శకురాలు అంది. ఓనరు గారు వెంటనే కళామతల్లికి సేవ చేయడం మన బాధ్యత అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యతో చెబితే ఆవిడ పొలమారేలా నవ్వింది. "మీకు మఖమల్ కోటు వేస్తారా? తలపాగా కూడానా? అయ్యో, నేను పాఠాలు మానుకుని మరీ వస్తాను చూడ్డానికి" అంది. అన్నంత పనీ చేసింది. నేర్చుకునేవాళ్ళలో నలుగురిని కారెక్కించి, వాళ్ళ చేతే నడిపించి, గేటు పక్కనున్న పూలకుండీని ఒకదాన్ని మాత్రమే పడగొట్టి, టౌన్‌హాలుకు చేరింది.

ఆవేళ తీయాల్సింది ఊరంతా చెప్పు తొడిగి చూసే ఘట్టం. దానికి ఊళ్ళోని ఆడవాళ్ళు ఎవరైనా రావచ్చని ముందురోజు చాటించారు. పదిమంది వస్తారనుకుంటే నలభై రెండు మంది వచ్చారు. నర్సులు, కుట్టు టీచరు, పోస్టాఫీసు అమ్మాయిలు, బేకరీ నడిపే అక్కచెల్లెళ్ళు, చివరికి ఓనరు గారి అమ్మ. ఆవిడకు ఎనభై రెండు. ఊళ్ళో అందరూ పెద్దమ్మగారు అంటారు. ముత్యాల దండ వేసుకుని, అందరికంటే ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. హాలులో ఎక్కడ చూసినా గౌన్లు, రిబ్బన్లు, మొహానికి వేసుకున్న పౌడరు ఘుమఘుమలు. ఒకరి విసనకర్ర ఇంకొకరి జుట్టులో చిక్కుకుని గోల గోలగా ఉంది.

రాకుమారుడి వేషం వేసిన కుర్రాడు పొడగరి, మర్యాదస్తుడు. జోళ్ళాయన అలవాటు కొద్దీ అతని బూట్లకేసి చూసి "పదకొండు" అని గొణుక్కున్నాడు. జోళ్ళాయనకు తొడిగిన మఖమల్ కోటు మోకాళ్ళ దాకా వచ్చింది. తలపాగా మాత్రం వంగిన ప్రతిసారీ కళ్ళ మీదికి జారుతుంటే తీసేశారు.

"బాబాయ్ గారూ, గుర్తుందిగా. మీరు తొడుగుతారు, పట్టదు, తల అడ్డంగా ఊపుతారు, తర్వాతి ఆవిడ. అలా పదిమందికి పట్టకుండా పోయాక రాకుమారుడు నిట్టూరుస్తాడు. సరేనా?"

"సరేనమ్మా," అన్నాడు గానీ, ఆయన కళ్ళు అప్పటికే నలభై రెండు జతల పాదాల మీదా ఒక చుట్టు తిరిగొచ్చాయి. మనసులో ఏదో ములుకు గుచ్చుకుంది. చెబుదామనుకునేలోగా కెమెరా తిరగడం మొదలైంది.

మొదట కుట్టు టీచరు. "అమ్మా, కాలు ఇలా పెట్టండి." పెట్టింది. తొడిగాడు. సర్రున దూరిపోయి, అచ్చు పోసినట్టు పట్టింది. జోళ్ళాయన తల అడ్డంగా ఊపబోయాడు. మెడ ఊగలేదు. పట్టిన చెప్పును పట్టలేదనడం ముప్పై ఒక్కేళ్ళలో ఏనాడూ చేయని పని.

"సరిగ్గా సరిపోయిందండీ," అన్నాడు. "కొత్తలో కాస్త బిగువుగా ఉంటుంది, నాలుగడుగులు నడిచి చూసుకోండి."

"కట్," అంది దర్శకురాలు.

రెండోసారి బేకరీ అక్క. పట్టింది. మూడోసారి బేకరీ చెల్లెలు. పట్టింది. నర్సుల్లో ఒకామెకు పట్టలేదు, అందరూ హమ్మయ్య అనుకున్నారు; ఆవిడ పక్కనున్నామెకు పట్టేసింది. చెప్పు పట్టినవాళ్ళు ఊరికే కూర్చోలేదు. ఒకావిడ రాకుమారుడి కుడిచెయ్యి పట్టుకుంది, ఇంకొకావిడ ఎడమచెయ్యి. "ముందు నాకు పట్టింది" అని కుట్టు టీచరు, "తొందరగా పట్టినంత మాత్రాన సరా, నాకు నిలిచి పట్టింది" అని పోస్టాఫీసు అమ్మాయి. రాకుమారుడు నవ్వాపుకోలేక మంత్రి వెనక దాక్కున్నాడు. మంత్రి గొప్ప గొంతుతో "శాంతి, శాంతి" అని అరుస్తుంటే, ఎవరూ శాంతించలేదు.

ఈలోగా పెద్దమ్మగారు తన కాలు తనే ఎత్తి, షాపు నుంచి తెచ్చిన స్టూలు చెక్క మీద పెట్టింది. జోళ్ళాయన చెమటలు తుడుచుకుని తొడిగాడు. అదీ పట్టింది.

పెద్దమ్మగారు చెప్పువంక చూసుకుని, రాకుమారుణ్ణి పైనుంచి కిందికి చూసి, "పద నాయనా, కోట ఎంత దూరం? నేనెక్కువ నడవలేను" అంది.

హాలు మొత్తం విరగబడి నవ్వింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు నవ్వితే వెలుగు గోడల మీద గంతులేసింది. దర్శకురాలికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోని కాగితాలు కుర్చీలోకి విసిరికొట్టి, "ఇంకొక్కరు. ఎవరైనా సరే, చివర నిలబడ్డ ఆవిడ, మీరు రండి" అంది.

చివర నిలబడ్డావిడ జోళ్ళాయన భార్య. చూడ్డానికని వచ్చి, ఎవరో గౌను తగిలించి వరుసలో నిలబెడితే, సరదాగా ఉందికదా అని నిలబడిపోయింది. తలవంచుకుని ఉన్న జోళ్ళాయన ముందుకు ఒక ఎడమపాదం వచ్చింది. ఆయన ముట్టుకున్నాడు. చెప్పు తొడిగాడు. నిమ్మళంగా, నిండుగా పట్టింది. ఆయన తల పైకెత్తలేదు, ఎత్తనక్కర్లేదు. ముందు పెదవులు సాగాయి, ఆ తర్వాత కెమెరా సంగతి, లైట్ల సంగతి, డైలాగు సంగతి అన్నీ ఆవిరైపోయాయి. రాకుమారుడివైపు తిరిగి చాలా మర్యాదగా అన్నాడు.

"ఈవిడ కుడికాలిది ఏడో నంబరు బాబూ. మీవల్ల కాదు."

ఆ తర్వాత పావుగంట సేపు షూటింగు జరగలేదు. ఎవరి కళ్ళు వాళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది. డ్రైవింగ్ టీచరుగారు మెట్ల మీద కూలబడి, గౌను అంచుతో మొహం కప్పుకుని కదిలి కదిలి నవ్వింది. రాకుమారుడు ఆవిడ ముందు వంగి నమస్కారం చేసి "నిజమేనండీ, నావల్ల కాదు" అని ఒప్పుకున్నాడు.

భోజనాల వేళకు దర్శకురాలు టౌన్‌హాలు వెనక వరండాలో ఒంటరిగా కూర్చుంది. పళ్ళెం ముట్టలేదు. జోళ్ళాయన కోటు మడిచి చేత్తో పట్టుకుని వెళ్ళి, దూరంగా నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. తల ఊపి ఉండాల్సింది."

"మీ తప్పేంటి బాబాయ్ గారూ. ఊరంతా ఒకే కాలితో పుట్టారా ఏంటి, అది చెప్పండి."

"ఆరు నంబరు మామూలు నంబరమ్మా. మా అటక మీద ఆడవాళ్ళ సరుకులో సగం ఆరే. చెప్పు పట్టినంత మాత్రాన ఆ పిల్లే అనుకుంటే, ఆ రాకుమారుడికి ఈ ఊళ్ళోనే పాతికమంది పెళ్ళాలు."

ఆ అమ్మాయికి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. "మరి మా అమ్మమ్మ చెప్పినప్పుడు నాకీ అనుమానం ఎందుకు రాలేదు?"

"అప్పుడు మీ కాలు మూడో నంబరు అయ్యుంటుంది."

అప్పుడే హీరోయిన్ ఒంటికాలి మీద గెంతుతూ వచ్చి పక్క కుర్చీలో చతికిలపడింది. ఇంకో కాలు బల్ల మీద పెట్టుకుంది. చిన్నపిల్ల, గలగలా మాట్లాడే పిల్ల, మూడు రోజులుగా పెదవి కొరుక్కుంటూ నాట్యం చేసిన పిల్ల. మడమ వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ. చుట్టూ ఎర్రగా కంది ఉంది. జోళ్ళాయన చూసి చటుక్కున వంగాడు.

"చెప్పు కరిచిందమ్మా?"

"కరవడమా? నమిలింది అంకుల్."

ఆయన జేబులోంచి మెత్తటి గుడ్డముక్క తీసి మడిచి, బొబ్బ మీద వత్తిడి పడకుండా చుట్టూ పెడుతూ, ఎవరితోనో అన్నట్టు కాకుండా, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "కొత్త చెప్పు. గాజుది. సాగదు, మెత్తబడదు. అది వేసుకుని పన్నెండు దాకా ఎగిరితే కరవక ఏం చేస్తుంది? నాలుగు రోజులైనా మచ్చ పోదు."

దర్శకురాలు జుట్టులోంచి పెన్సిలు లాగింది.

"మళ్ళీ చెప్పండి."

"ఏం చెప్పమంటారమ్మా? మచ్చ పోదన్నాను."

"అంటే ఆ పిల్ల కాలికి మచ్చ ఉంటుంది."

"ఉండి తీరాలి. నేనే ఆ రాకుమారుడి షాపులో పనిచేస్తుంటే, 'బాబూ, చెప్పు ఎవరికి పట్టిందో చూడకండి, ఎవరిని కరిచిందో చూడండి' అని మొదటిరోజే చెప్పేవాణ్ణి. నలభై ఇళ్ళు తిరిగే శ్రమ తప్పేది."

ఆ అమ్మాయి లేచి, ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసి, వరండా ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తి, మళ్ళీ వెనక్కి పరుగెత్తుకొచ్చి, చల్లారిన పళ్ళెం తీసుకుని గబగబా తినేసింది. తింటూనే రాసింది. ఒక కాగితం మీద పప్పు మరక కూడా పడింది. ఆ మరకున్న కాగితాన్నే రాకుమారుడికి ఇచ్చి చదువుకోమంది.

మధ్యాహ్నం నుంచి కథ తలకిందులైంది. ఇప్పుడు చెప్పు అందరికీ పట్టాలి. ఎంతమందికి పడితే అంత మంచిది. నలభై రెండు మందినీ మళ్ళీ వరుసగా కూర్చోబెట్టారు. పట్టనివాళ్ళకు జోళ్ళాయన నొప్పి తెలియకుండా వేళ్ళు సర్ది పట్టించాడు. పెద్దమ్మగారి మాటను పొల్లుపోకుండా మళ్ళీ అనమన్నారు. ఆవిడ "ఒకసారి అన్నది మళ్ళీ ఎందుకు" అని దానికంటే ఘాటైనదొకటి అంది. అదే ఉంచేశారు. పాతికమంది వెంటపడుతుంటే రాకుమారుడు టౌన్‌హాలు చుట్టూ రెండుసార్లు పరుగెత్తాడు. మూడోసారి నిజంగానే అలిసిపోయి, వంటింటి గుమ్మం ముందు కూలబడ్డాడు.

అక్కడ హీరోయిన్ గిన్నెలు తోముతూ ఉంది. కుంటుతోంది. నటించనక్కర్లేకుండానే కుంటుతోంది. రాకుమారుడు ఆ మడమ మీది గుడ్డముక్కను చూశాడు. చెప్పును పక్కన పెట్టేశాడు. కాగితంలో రెండే మాటలున్నాయి.

"బాగా నొప్పిగా ఉందా?" అన్నాడు.

"మీతో నాలుగు గంటలు ఎగిరితే ఉండదూ?" అంది ఆ పిల్ల.

ఆ ఒక్కటీ మొదటిసారికే అయిపోయింది. కట్ చెప్పాల్సిన మనిషి చెప్పడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. మంత్రిగారు ముక్కు చీదుకున్న చప్పుడు రికార్డయిపోయి, తర్వాత దాన్ని తీసేయడానికి చాలా తంటాలు పడ్డారట.

ఎనిమిది నెలలకు సినిమా వచ్చింది. మొదటిరోజు మధ్యాహ్నం ఆటకు ఓనరు గారు షాపు మూసి, 'కళాసేవ నిమిత్తం సెలవు' అని బోర్డు తగిలించారు. అటకక్క కూడా దిగింది. అటక అలవాటుతో కిందా వంగే నడిచే ఆవిడ నిటారుగా నిలబడితే వీధిలోని మగవాళ్ళకంటే కూడా జానెడు పొడుగని ఊరికి ఆవేళే తెలిసింది. నాలుగున్నర అడుగుల ఎత్తున్న అటకలో ముప్పై ఏళ్ళు ఎలా పనిచేశారని మందుల షాపాయన అడిగితే, "కూర్చుని" అని చెప్పి లోపలికెళ్ళింది. థియేటరులో ఆవిడ వెనక వరుసవాళ్ళు గొణుక్కుంటూ పక్క సీట్లకు మారారు.

తెర మీద జోళ్ళాయన పదకొండుసార్లు కనిపించాడు. పదకొండుసార్లూ కనిపించింది ఆయన తలే. నడినెత్తిన జుట్టు ఊడి, చుట్టూ ఉంగరాలు తిరిగి, మధ్యలో లైటు పడి మెరుస్తున్న బట్టతల. వంగి చెప్పు తొడిగేవాడి మొహం కెమెరాకు ఎలా అందుతుంది? మొదటిసారి ఆ తల కనిపించగానే హాలు నాలుగు మూలలనుంచీ "అదిగో మన జోళ్ళాయన" అని గోల లేచింది. ఆయన సీట్లో కుంచించుకుపోయాడు. రెండోసారికి కాస్త సర్దుకుని కూర్చున్నాడు. అయిదోసారికి తనే భార్య మోచెయ్యి తట్టి, "అదుగో, మళ్ళీ నేనే" అన్నాడు.

"తెలుస్తోంది లెండి, కళ్ళు జిగేలుమంటున్నాయి," అందావిడ.

పెద్దమ్మగారు తెర నిండా వచ్చి ఆ మాట అన్నప్పుడు ఈలలు వేశారు. పెద్దమ్మగారు లేచి నిలబడి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపింది. ఇక చివర్లో ఆ రెండు మాటలు వచ్చేసరికి, ఎక్కడో ఒక ముసలాయన తన పక్కనున్న ముసలావిణ్ణి "నీకు నొప్పిగా ఉందా?" అని అడగడం, "ఇప్పుడా అడిగేది? నలభై ఏళ్ళ తర్వాతా?" అని ఆవిడ కసరడం అందరికీ వినిపించాయి.

ఆ వారమంతా షాపులో కూర్చోవడానికి చోటు లేదు. కొనేవాళ్ళు కొందరు, చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది. వచ్చినవాళ్ళు ఆయన మొహం చూసి తేల్చుకోలేక, "ఒక్కసారి తల వంచుతారా?" అని అడిగేవాళ్ళు. వంచేవాడు. "ఆఁ, మీరే" అని సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. ఓనరు గారు స్టూలుకు కొత్త తోలు వేయించారు. అది జారుతోందని జోళ్ళాయన మర్నాడే పాత గుడ్డ కప్పేశాడు.

వానాకాలం మొదట్లో, బేరాలు పలచగా ఉన్న ఒక మధ్యాహ్నం, షాపు ఫోను మోగింది. దర్శకురాలు. సినిమా ఆడిందట, రెండోది తీయమంటున్నారట. ఈసారి అడవిలో అమ్మమ్మ ఇంటికెళ్ళే పిల్ల కథ, అమ్మమ్మ బట్టలేసుకుని మంచం మీద పడుకునే తోడేలు కథ అట. దుప్పటి కిందినుంచి తోడేలు కాళ్ళు కనిపించాలట, వాటికి అమ్మమ్మ మేజోళ్ళూ చెప్పులూ ఉండాలట, మళ్ళీ కథలో తప్పు దొర్లకూడదని ముందే అడుగుతోందట.

జోళ్ళాయన చెవి వెనకనుంచి పెన్సిలు తీసుకుని, ఖాళీ అట్టపెట్టె మూత దగ్గరికి లాక్కున్నాడు.

"తోడేలుకు ముందు కాళ్ళు పెద్దవమ్మా, వెనక కాళ్ళు చిన్నవి," అన్నాడు. "ముందు ఇది చెప్పండి. పడుకునేది వెల్లకిలా, బోర్లా?"